ఓడిపోవడానికి ఎల్లాజీ పడ్డ పాట్లు

విశాఖపట్నంలో బాక్సింగ్ నేర్పేవాళ్ళు వీధికొకరున్నారు. ఇక చాలు మానెయ్యమని చెప్పేవాడు మాత్రం ఊరంతా గాలించినా ఒక్కడు లేడు. ఈ సంగతి అందరికంటే బాగా ఎరిగినవాడు చోడిపల్లి ఎల్లాజీ. అతనికి నలభై ఒకటో ఏడు నడుస్తోంది. ముక్కు ఇప్పటికి మూడు దిక్కులకు తిరిగి, చివరికి తూర్పున స్థిరపడింది. ఎడమ కన్ను ఈమధ్య ఏ దిక్కూ సరిగ్గా చూడటం లేదు. కంటి డాక్టరు లైటు వేసి చూసి, "లోపలి పొర గోడమీది సినిమా పోస్టర్లాగా మూల ఊడిందయ్యా. ఎలాగో అతికించాను. మళ్ళీ అక్కడ గట్టి దెబ్బ తగిలిందంటే పోస్టరూ ఉండదు, సినిమా ఉండదు" అన్నాడు.

ఎల్లాజీ బయటికొచ్చి, బెంచీ మీద కూర్చున్న భార్య నూకరత్నాన్ని ఒకసారి కుడికంటితో, ఒకసారి ఎడమకంటితో చూశాడు. భయమేసింది. పాతికేళ్ళుగా మొహాన గుద్దులు తింటున్నవాడికి అంతవరకూ ఎన్నడూ వెయ్యనంత భయం. ఆట మానెయ్యాలని అక్కడికక్కడే నిశ్చయించుకున్నాడు.

మానెయ్యడానికేముంది, మానేస్తే మానేసినట్టేగా అని మనలాంటి అమాయకులం అనుకుంటాం. తూర్పుతీర ముష్టియుద్ధ సమాఖ్యలో ఆ పప్పులుడకవు. సమాఖ్య విరమణ ఇస్తే విరమించినట్టు. అలా విరమించినవాడికి సమాఖ్య జిమ్ములో కోచ్ ఉద్యోగం ఇస్తారు. తనంతట తాను మానేసినవాడు 'పరారైన క్రీడాకారుడు'. పరారైనవాడు జిమ్ము గడప తొక్కకూడదు, ఏ పిల్లవాడికీ పిడికిలి ఎలా బిగించాలో చెప్పకూడదు. ఎల్లాజీకి పిడికిలి బిగించడం తప్ప మరో విద్య రాదు. నూకరత్నం ఫిషింగ్ హార్బర్ దగ్గర నడిపే భోజనాల కొట్టులో ఓ వారం కూర్చోబెట్టి చూస్తే, గిన్నెలు కడగమంటే మూడు పగలగొట్టాడు.

అందుచేత ఎల్లాజీ సమాఖ్య ఆఫీసుకు వెళ్ళి, అధ్యక్షులు పరాంకుశరావు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పరాంకుశరావు గారికి డెబ్బై నాలుగేళ్ళు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసి దిగిపోయిన తర్వాత, ఖాళీగా ఉన్న కుర్చీ ఎక్కడ కనిపిస్తే అక్కడ అధ్యక్షులవుతూ వస్తున్నారు. కొబ్బరిపీచు సలహా మండలి తర్వాత ముష్టియుద్ధం దొరికింది. బాక్సింగ్ వారెన్నడూ చూడలేదు. చూస్తే పక్షపాతం వస్తుందని వారి అభిప్రాయం.

"ఇదొక విధానపరమైన ప్రశ్న" అన్నారు వారు కళ్ళు మూసుకుని. "వయస్సు మళ్ళిన ముష్టియోధుడు ఎప్పుడు విరమించవలెను? దీనిపై లోతైన అధ్యయనము జరగవలసి ఉన్నది."

ఉపసంఘం వేశారు. దాని పేరు 'వయోధిక ముష్టియోధ విరమణకాల నిర్ధారణ ఉపసంఘం'. బోర్డు మీద ఆ పేరు రాయడానికే పెయింటరు రెండు పూటలు తీసుకున్నాడు. ఉపసంఘంలో ఒక సభ్యుడు ముప్పై అయిదేళ్ళన్నాడు. ఇంకొకాయన, "ప్రభుత్వోద్యోగి అరవై రెండేళ్ళ దాకా పనిచేస్తున్నాడు. ఫైలు కంటే పిడికిలి బరువా?" అని నిలదీశాడు. మూడో ఆయన జీడిపప్పు ఉప్మా బాగుందన్నాడు. చివరికి పరాంకుశరావు గారు గొంతు సవరించుకున్నారు.

"వయస్సును ప్రాతిపదికగా గ్రహించుట క్రీడాకారుని ఆత్మగౌరవమునకు భంగకరము. కావున గెలుచుచున్నంత కాలము యోధుడు సమర్థుడే. ఓడిన దినముననే సకల లాంఛనములతో విరమణ. చిన్నవారికైనను పెద్దవారికైనను ఇదే కొలబద్ద. ఇందులో మన ఇష్టాయిష్టములకు తావు లేదు, ఇది శాస్త్రీయము."

గుమ్మం దగ్గర నిలబడ్డ ఎల్లాజీకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఓడిపోవడమా! అదీ ఒక పనేనా? ఇంటికి పరిగెత్తి భార్యతో చెప్పాడు.

"ఓడిపోతే సాలట రత్నం. మరొగ్గీత్తారట నన్ను."

"ఓలమ్మ, దానికింత మీటింగేటి?" అంది నూకరత్నం చేపలు తోముతూ. "పెళ్ళయిన కాణ్ణించీ నాకాడ ఓడిపోతానే ఉన్నావు గదా. నన్నడిగితే నానే సెప్పీదాన్ని."

ఎల్లాజీ వచ్చేశాక అటు ఉపసంఘంలో కాఫీలొచ్చాయి. కొంపలన్నీ మునిగేది కాఫీల దగ్గరే. పరాంకుశరావు గారికి జిమ్ములో తాము చూసిన ఒక దృశ్యం గుర్తొచ్చింది. కుర్రాళ్ళు పొద్దున్నే వచ్చి ఎల్లాజీ కాళ్ళకు దణ్ణం పెట్టి, ఆ తర్వాతే గ్లవుజులు తొడుక్కుంటారు. వారి కళ్ళు చెమర్చాయి. "ఒకరినొకరు కొట్టుకొను ఈ పాశ్చాత్య క్రీడకు మన సంస్కృతిని ఏల జోడించరాదు?" అన్నారు. ఆ పూటే నియమం పుట్టింది. బౌట్‌లో, అంటే ఇద్దరు తలపడే పోటీలో, చిన్నవాడు తనకంటే పెద్దవాడికి పాదాభివందనం చెయ్యాలి. పెద్దవాడు నోరారా దీవించేదాకా లేవకూడదు. ఇది గంట మోగిన తర్వాతే జరగాలి. గంట మోగకముందు చేస్తే ఆటలో భాగం కాదట, ఆటలో భాగం కాకపోతే టీవీ వాళ్ళు చూపించరట.

ఎల్లాజీ మొదటి బౌట్ హేమసుందర్‌తో. ఇరవై రెండేళ్ళవాడు, ఎల్లాజీ చెయ్యి పట్టుకుని నేర్పినవాడు. ముందు రోజే ఎల్లాజీ వాణ్ణి పక్కకు పిలిచాడు. "ఒరే సుందరం, ఒంటిమీద నాలుగెయ్యి, తలకాయ జోలికి రాకు. నాను పడిపోతాను. అక్కడితో నా పని అయిపోద్ది."

"మీరెలా సెప్తే అలాగే గురువుగారూ."

గంట మోగింది. హేమసుందర్ భక్తిగా ముందుకొచ్చి, నడుం వంచి, రెండు గ్లవుజులూ గురువుగారి పాదాల దగ్గర నేలకు ఆనించాడు. ఎల్లాజీ చెయ్యి అలవాటు కొద్దీ శిష్యుడి నెత్తిమీద పడింది. ఇక దీవించాలి. నోట్లో పళ్ళకు రబ్బరు తొడుగుంది. "దీర్ఘాయుష్మాన్ భవ" అన్నాడు గాని, బయటికి "ఉఊ ఊవ్వాఊవ" అని వచ్చింది. దీవెన వినబడలేదు గనక హేమసుందర్ లేవలేదు.

రిఫరీ తవుడు నిబంధనను నిప్పులా చూసేవాడు. పాదాలు తప్ప ఒంట్లో మరేది నేలకు తగిలినా ఆటగాడు పడిపోయినట్టే లెక్కని అతను చదువుకున్నాడు. కుర్రాడి నెత్తిన గ్లవుజు పడటం చూశాడు, కుర్రాడి చేతులు నేలమీద ఉండటం చూశాడు. ఎల్లాజీని పక్కకు నెట్టి, వేళ్ళు చాపి లెక్క మొదలుపెట్టాడు. ఎల్లాజీ తొడుగు ఊడపీకేందుకు నోట్లో గ్లవుజు దూర్చుకుని కిందా మీదా పడుతుండగానే పదీ అయిపోయాయి.

"నాకౌట్!" అన్నాడు తవుడు, ఎల్లాజీ చెయ్యి పైకెత్తి.

హాలు దద్దరిల్లింది. నలభై ఒక్కేళ్ళవాడు ఇరవై రెండేళ్ళవాణ్ణి ఒక్క దెబ్బతో పడగొట్టాడు. అదీ చెయ్యి విసరకుండా, నిమిరి! పరాంకుశరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అనుభవము! దీనినే అనుభవమందురు!"

రెండో బౌట్‌కి ఎల్లాజీ తెలివి తెచ్చుకున్నాడు. నెత్తిన చెయ్యి పెడితే గదా దెబ్బ అని రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. గాజువాక కుర్రాడు వంగి దణ్ణం పెట్టి, రబ్బరు తొడుగు దాటి దీవెన ఈసారీ బయటికి రాక వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. పది లెక్కయింది. ఈసారి ముట్టుకోకుండానే పడగొట్టాడని పేపర్లో వేశారు. మూడో బౌట్‌లో ఎల్లాజీ ఇంకో ఎత్తు వేశాడు. గంట మోగీ మోగగానే తానే ముందుగా ఎదుటివాడి కాళ్ళమీద పడబోయాడు. అనకాపల్లి కుర్రాడు కెవ్వుమన్నాడు. పెద్దవాడి చేత దణ్ణం పెట్టించుకుంటే ఆయుక్షీణమని వాళ్ళ అమ్మ చిన్నప్పుడే చెప్పింది. తాళ్ళమీంచి ఒక్క దూకు దూకి, బూట్లతోనే మద్దిలపాలెం దాకా ఆగకుండా పరిగెత్తాడు. రింగు వదిలి పారిపోయినందుకు వాణ్ణి ఓడినట్టు ప్రకటించారు.

పోనీ పదిరోజులు పోటీలు ఆపమందామంటే, పరాంకుశరావు గారికి గెలిచినవాడికి శాలువా కప్పే ఉత్సాహం పట్టుకుంది. శాలువా కప్పుతుంటే జనం లేచిపోతున్నారు. అందుకని మరో నియమం పెట్టారు. సత్కారం ఆటలో అంతర్భాగం, సత్కారమూ అధ్యక్షోపన్యాసమూ వందన సమర్పణా ముగిసేదాకా చివరి గంట కొట్టరాదు. తవుడు ఈ నియమం కూడా బట్టీ పట్టాడు.

ఇక్కడ మరో తమాషా జరిగింది. ఓడినవాడికి విరమణ అని గదా తీర్మానం. ఓడుతున్నది ఎవరు? కుర్రాళ్ళు. శాస్త్రీయం శాస్త్రీయమే. హేమసుందర్‌కు ఇరవై రెండో ఏట శాలువా కప్పి, "సుదీర్ఘ క్రీడాజీవితము ముగించుకొని విశ్రాంత జీవనమునకు తరలుచున్న" అని సన్మాన పత్రం చదివారు. వాళ్ళమ్మ స్టేజీ కిందే కూర్చుని, "పెళ్ళవకుండానే రిటైరయిపోనాడు నా కొడుకు!" అని గొల్లున ఏడ్చింది. గాజువాక కుర్రాడూ అంతే, పరుగాపి వచ్చిన అనకాపల్లి కుర్రాడూ అంతే. విరమించినవాళ్ళందరికీ కోచ్ ఉద్యోగాలిచ్చారు. రెండు నెలలు తిరిగేసరికి జిమ్ములో పాతికమంది కోచ్‌లు, ఒక్క ఆటగాడు. పాతికమందీ పొద్దున్నే వరసలో నిలబడి ఎల్లాజీ కాళ్ళకు దణ్ణం పెట్టేవారు. అందర్నీ దీవించేసరికే అతనికి ఆయాసం వచ్చేది.

ఊళ్ళో కొత్త వెర్రి మొదలయ్యింది. బీచ్ రోడ్డులో పొద్దున్న నడకకు వచ్చే పెద్దమనుషులు మంకీ క్యాపులు తియ్యకుండానే గ్లవుజులు తొడుక్కుని గాలిని గుద్దసాగారు. బాక్సింగ్‌లో చేరదలచిన కుర్రాళ్ళు నెత్తిన పౌడరు చల్లుకుని, మోకాలు పట్టుకుని మూలుగుతూ వచ్చేవారు. ఒక మేధావి టీవీలో కూర్చుని, యవ్వనం ఆటలకు పనికిరాదని గణాంకాలతో నిరూపించాడు. ఎల్లాజీ కటౌట్ జగదాంబ సెంటర్లో వెలసింది. దానిమీద ఎడమ కన్ను అసలు కన్ను కంటే బాగుంది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, ఢిల్లీ కబురు రాకపోతే. జాతీయ పోటీలు దగ్గరపడ్డాయి. సమాఖ్య తరఫున వెళ్ళవలసినవాడు విజేత. విజేత అంటే ఎల్లాజీ. మొదటి బౌట్ పైరాష్ట్రపు ఇరవై మూడేళ్ళ కుర్రాడితో. వాడి కుడిచెయ్యి తిన్నగా వచ్చి ఎదుటివాడి ఎడమ కంటిమీదే వాలుతుందని పేరు.

"అక్కడ మన దణ్ణాల రూలు ఉంటాదేటండి?" అని అడిగాడు ఎల్లాజీ, సమాఖ్య కార్యదర్శి సన్యాసిరావుని.

సన్యాసిరావు రూల్సు పుస్తకం చూడకుండానే చెప్పాడు. "మన సంస్కృతి మన సమాఖ్య పరిధి వరకే వర్తిస్తుందయ్యా. ఢిల్లీలో సంస్కృతి వేరే శాఖ."

"నా కన్ను సంగతి తవఁరెరుగుదురు గదా బాబూ. నానాడలేనండి. ఒగ్గీండి."

"గెలుస్తున్నవాణ్ణి ఎలా వదులుతామయ్యా? నువ్వే చెప్పు. ఇంకొక్క బౌట్ ఉంది, ఎంపిక బౌట్. అందులో ఓడిపో, వదిలేస్తాం."

ఎల్లాజీ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు. ఓడిపోవడం చేతకాక చూపు పోగొట్టుకోబోతున్న మొదటి మనిషి తనేనేమో అనిపించింది. నూకరత్నం గరిటె ఠక్కున గిన్నెలో పడేసింది.

"కుర్రోళ్ళతో ఆడితే ఆళ్ళే గదా నీ కాళ్ళకాడ పడతారు. నీకన్నా పెద్దోణ్ణి ఎతుక్కో మావా. అప్పుడు పడీదెవరు?"

ఎల్లాజీ భార్య వంక రెండు కళ్ళతోనూ చూశాడు. ఉపసంఘం పెట్టి ఉప్మాలు తినిపించినా ఇంత మాట ఒక్కరి నోట వచ్చేది కాదు. చెయ్యి కడుక్కుని భీమిలి బస్సెక్కాడు.

భీమిలిలో అతని గురువు పోలయ్య మేస్త్రి ఉన్నాడు. డెబ్బై ఒక్కేళ్ళు. ఎల్లాజీకి పదహారేళ్ళప్పుడు మొదటిసారి గ్లవుజు తొడిగింది ఆయనే. కొన్నేళ్ళ కిందట ఎవరికీ చెప్పకుండా ఆట వదిలేసి, సముద్రపు ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. సమాఖ్య ఆయనను విరమింపజేయడమూ, పరారీ లెక్కలో రాయడమూ రెండూ మరిచిపోయింది గనక వాళ్ళ లెక్కలో ఇప్పటికీ ఆటగాడే. ఎల్లాజీ కథంతా చెప్పి ఇసుకలో కూలబడ్డాడు.

"నన్నోడించాల గురువుగారూ."

పోలయ్య వల పక్కన పెట్టి, శిష్యుడి గడ్డం పట్టుకుని ఎండకు తిప్పి, ఆ ఎడమ కన్ను చాలాసేపు చూశాడు. "నీకెప్పుడో సెప్పవలసిందిరా. గెలుత్తన్నావని ముచ్చటపడి ఊరుకున్నాను. తప్పు నాది."

"మరి నన్నోడిత్తే మీరిరుక్కుపోతారు. ఢిల్లీ మిమ్మల్ని పంపుతారు."

"నా సంగతి నాను సూసుకుంటాను. నీకు దణ్ణం పెట్టడం నేర్పింది నానే గదేటి."

ఎంపిక బౌట్ నాడు హాలు కిటకిటలాడింది. డెబ్బై ఒక్కేళ్ళ పోలయ్య లుంగీ మీద నిక్కరు తొడుక్కుని రింగెక్కాడు. నోట్లో ఒక్క పన్ను లేదు గనక రబ్బరు తొడుగు అక్కర్లేదన్నాడు. గంట మోగింది. ఎల్లాజీ పరిగెత్తుకెళ్ళి గురువు పాదాల మీద వాలిపోయాడు. తవుడు లెక్క మొదలెట్టాడు. ఎల్లాజీ వెన్ను మీద పోలయ్య చెయ్యి పడింది. బరువుగా, వెచ్చగా ఉంది. ఆయన వంగి చెవి దగ్గర అన్నాడు.

"సాల్రా నాయనా. బాగా ఆడేవు. ఇంక ఇంటికెల్లిపో."

అంతే. పాతికేళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు. అంత చిన్న మాటకు ఉపసంఘాలూ తీర్మానాలూ అవసరమయ్యాయి. ఎల్లాజీకి ఏడుపు తన్నుకొచ్చింది. పది లెక్కయిపోయినా తల ఎత్తలేదు, గురువు బూట్లు తడిసిపోయాయి. తవుడు పోలయ్య చెయ్యి పైకెత్తాడు. ముందు వరసలో నూకరత్నం తింటున్న ముంతకింద పప్పు పొట్లాం గాల్లోకి విసిరి, "ఓడిపోనాడు! నా మొగుడోడిపోనాడు!" అని గెంతింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఇదేం పెళ్ళాం అనుకున్నారు.

పరాంకుశరావు గారు శాలువా పట్టుకుని, ఫోటోగ్రాఫర్లను వెంటబెట్టుకుని రింగెక్కారు. చివరి గంట ఇంకా కొట్టలేదు. పోలయ్య ఆయన్ని తేరిపార చూశాడు.

"బాబుగారికెన్నేళ్ళండి?"

"డెబ్బై నాలుగు" అన్నారు అధ్యక్షులు, కెమెరా వైపు తిరిగి.

"నాకన్నా పెద్దోరు" అన్నాడు పోలయ్య. గభాలున వంగి, రెండు చేతులూ నేలకానించి, వారి పాదాలకు దణ్ణం పెట్టాడు.

పరాంకుశరావు గారు పొంగిపోయారు. శాలువాతో బాటు చెయ్యి కూడా ఆయన నెత్తిన వేసి, మైకు దగ్గరకు లాక్కుని దీవెన మొదలుపెట్టారు. "ఈ శుభ సందర్భమున, మన సనాతన ధర్మములును సంప్రదాయములును ముష్టియుద్ధ రంగమున పునరుజ్జీవనము పొందుచున్న ఈ తరుణమున, సమాఖ్య పక్షమునను వ్యక్తిగతముగను మిమ్ములను..."

తవుడు రూల్సు పుస్తకం మనసులో ఒకసారి తిరగేశాడు. మొదటి గంట మోగాక, చివరి గంట కొట్టేలోగా రింగులో నిలబడ్డవాడు ఆటగాడు. నెత్తిన చెయ్యి పడింది. చేతులు నేలమీద ఉన్నాయి. వేళ్ళు చాపాడు. "ఒకటి! రెండు!"

పదయ్యేసరికి అధ్యక్షులవారి దీవెన ఇంకా జిల్లా యంత్రాంగాన్ని అభినందించడం దగ్గరే ఉంది. తవుడు వారి చెయ్యి ఠీవిగా పైకెత్తాడు. "నాకౌట్!"

పోలయ్య లేచి, చేతులకంటిన దుమ్ము దులుపుకుని, ఓడినవాడికి రావలసిన శాలువా తానే సరిగ్గా కప్పుకుని, ఆఖరి బస్సుందని చెప్పి భీమిలి వెళ్ళిపోయాడు.

పరాంకుశరావు గారు తేరుకునేసరికి హాలంతా జేజేలు కొడుతోంది. వారు రాజీనామా చేస్తామన్నారు. గెలుస్తున్నవాడు రాజీనామా చేస్తే పరారైనట్టే లెక్కని సన్యాసిరావు వినయంగా మనవి చేశాడు. ఆరోగ్యం బాగాలేదన్నారు. సామర్థ్యానికి గెలుపే కొలబద్దని తీర్మానం కింద తమరి సంతకమే ఉందని సన్యాసిరావు ఇంకా వినయంగా మనవి చేశాడు. ఢిల్లీ టిక్కెట్టు మీద పేరు మార్చారు.

మర్నాడు పొద్దున్న ఎల్లాజీ కోచ్‌గా జిమ్ములో అడుగుపెట్టాడు. సముద్రం మీంచి వచ్చే వెలుతురు కిటికీలోంచి పడుతుంటే, రెండు కళ్ళతోనూ హాయిగా చూశాడు. ఆ క్షణాన అతనంత సుఖపడ్డవాడు ఊళ్ళో లేడు. లోపల పాతికమంది కుర్ర కోచ్‌లు ఒక్క ఆటగాడి చుట్టూ మూగి ఉన్నారు. ఎల్లాజీ వాళ్ళను తప్పించుకుని వెళ్ళి, మోకాళ్ళమీద కూర్చుని, పరాంకుశరావు గారి చేతులకు గ్లవుజులు కట్టసాగాడు. మనసులో కాస్త జాలి కూడా కలిగింది.

వారు అటూ ఇటూ చూసి, ఎవరూ వినకుండా గొంతు తగ్గించారు. ఆ గొంతులో గ్రాంథికం మచ్చుకైనా లేదు. "ఏమయ్యా ఎల్లాజీ, ఆ ఢిల్లీ కుర్రాడికి పెద్దవాళ్ళంటే కాస్త గౌరవం అదీ ఉంటుందంటావా?"

"ఎందుకుండదండి సార్, శానా మర్యాదస్తుడంట" అన్నాడు ఎల్లాజీ, ముడి గట్టిగా బిగిస్తూ. "కాకపోతే కొట్టినాక పెడతాడంట దణ్ణం."